యూరప్ కారవాన్, అమెరికా ట్రావెల్ ట్రైలర్: తరచుగా అడిగే ప్రశ్నలు

జర్మనీలో ఉన్న ఆరేళ్లూ కారవాన్, అంటే కారు వెనక తగిలించే చక్రాల ఇల్లు, లాగాను. ఆ తర్వాత టెక్సస్‌కి మారి ఇక్కడి ట్రైలర్ లాగుతున్నాను. మ్యూనిక్ నుంచి డాలస్‌కి వచ్చేవాళ్లు, అమెరికా నుంచి లండన్‌కి బదిలీ అయినవాళ్లు ఫోన్ చేసి అడిగే ప్రశ్నలు ఇంచుమించు ఒకటే. అందుకే అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. వెనక సీట్లో పిల్లల్ని కూర్చోబెట్టుకుని రెండు టన్నులు లాగేవాళ్లు చదువుతారని తెలుసు. అందుకని బరువుల దగ్గర ఎక్కువసేపు ఆగుతాను, మిగతావి తొందరగా దాటేస్తాను.

రెండూ చక్రాల మీద ఇల్లే కదా, అంత తేడా ఏముంటుంది?

పుట్టుకలోనే తేడా ఉంది. జర్మనీలో ఇస్నీ అనే ఊళ్లో కొరడాలు, స్కీ కర్రలు అమ్ముకునే ఆరిస్ట్ డెత్లెఫ్స్ 1931లో తన కారు వెనక లాగేందుకు ఒక చిన్న గది కట్టుకున్నాడు. వ్యాపారం మీద ఊళ్లు తిరిగేటప్పుడు భార్యతో కలిసి వెళ్లాలని ఆయన కోరిక. మామూలు కారు లాగగలిగేదే కట్టాలన్న షరతు ఆ రోజు నుంచి ఈ రోజు వరకూ యూరప్ కారవాన్‌ని వదల్లేదు. ఇరుకు ఊళ్లు, కొండ మలుపులు, ఖరీదైన పెట్రోలు కూడా దాన్ని తేలిగ్గానే ఉంచాయి. అమెరికాలో రోడ్లు వెడల్పు, దూరాలు ఎక్కువ, ఇంటి ముందు పికప్ ట్రక్కు మామూలే. కాబట్టి ముందు ఇల్లు కట్టి, దానికి తగ్గ బండి వెతుక్కుంటారు.

యూరప్‌లో కుటుంబాలు వాడే కారవాన్ నిండా సామానుతో 1200 నుంచి 1800 కిలోలు ఉంటుంది. అమెరికాలో అదే నలుగురు పడుకునే ట్రైలర్ 5000 నుంచి 8000 పౌండ్లు, అంటే సుమారు 2300 నుంచి 3600 కిలోలు తూగుతుంది. 2019లో ట్రైలర్లు తయారుచేసే అమెరికా కంపెనీ థోర్, జర్మనీలో కారవాన్లు కట్టే ఎర్విన్ హైమర్ గ్రూప్‌ని కొనేసింది. యజమాని ఒకరే అయినా బండ్లు మాత్రం ఎవరి దారి వాళ్లవే.

ఒకే కారుకి యూరప్‌లో ఎక్కువ బరువు రాసి, అమెరికాలో "లాగొద్దు" అని ఎందుకు రాస్తారు?

అందరూ మొదట అడిగేది ఇదే. యూరప్‌లో గోల్ఫ్ లాంటి కారు 1300, 1400 కిలోల కారవాన్‌ని లాగుతూ ఆల్ప్స్ కొండలెక్కడం రోజూ కనిపిస్తుంది. అమెరికాలో అలాంటి చిన్న కార్ల మాన్యువల్ తెరిస్తే ట్రైలర్ తగిలించవద్దనే రాసి ఉంటుంది. దీన్ని కంపెనీల మోసం అని కొట్టిపారేసేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను ఒప్పుకోను.

యూరప్ అంకె మూడు విషయాల్ని ముందే పట్టించుకుని రాసింది: ట్రైలర్ వేగం తక్కువ, బాల్ (ట్రైలర్ తగిలించేందుకు కారు వెనక ఉండే ఉక్కు గుండు) మీద పడే బరువు తక్కువ, ట్రైలర్‌కి సొంత బ్రేకు. అక్కడి నిబంధన ప్రకారం పూర్తి బరువుతో 12 శాతం వాలు మీద ఆగిన బండి ఐదు నిమిషాల్లో ఐదుసార్లు కదిలి ముందుకు వెళ్లగలగాలి. అమెరికాలో బండి ఎంత లాగగలదో కొలిచే ఎస్.ఏ.ఈ. జె2807 అనే ప్రమాణం ఉంది. 2011 మోడల్ బండ్లతో టొయోటా దాన్ని ముందుగా అమల్లో పెట్టింది. అందులోనూ 12 శాతం వాలు పరీక్ష ఉంది. దానితో పాటు ఆరిజోనాలో డేవిస్ డ్యామ్ దగ్గర 11.4 మైళ్ల ఎత్తు రోడ్డుని ఏసీ గరిష్ఠంగా పెట్టి ఎక్కాలి. మామూలు పికప్ అయితే వేగం గంటకి 40 మైళ్లకి తగ్గకూడదు. ఆగిన చోటి నుంచి 60 మైళ్ల వేగం 30 సెకన్లలో అందుకోవాలి. ఆ పరీక్ష అమెరికా హైవే మీద మిగతా బండ్లతో సమానంగా పోగలదా అని అడుగుతుంది.

కాబట్టి యూరప్ వెబ్‌సైట్‌లో మీ కారుకి 2000 కిలోలు రాసి ఉందని టెక్సస్‌లో 4400 పౌండ్ల ట్రైలర్ తగిలించకండి. మీరు ఏ దేశంలో ఉంటే ఆ దేశపు మాన్యువలే మీకు లెక్క.

ముందుబరువు 5 శాతమా, 10 శాతమా? ఎవరి మాట నమ్మాలి?

5 అనే యూరప్ వాళ్లది, 10 అనే అమెరికా వాళ్లది, ఇద్దరిదీ నిజమే, ఎవరి ట్రైలర్‌కి వాళ్లది.

ఎడ్లబండి చూసినవాళ్లకి ఇది చిటికెలో అర్థమవుతుంది. ధాన్యం బస్తాలు వేసేటప్పుడు బండి తోలే మనిషి నొగ పట్టుకుని కాస్త ఎత్తి చూస్తాడు. బరువంతా ఇరుసు వెనక్కి పడితే కాడి పైకి లేచి ఎడ్ల మెడకి తాడు బిగుస్తుంది. మరీ ముందుకి పడితే ఎడ్లు మెడ వంచేసి అడుగు వేయలేవు. ఒక బస్తా అటో ఇటో జరిపి, కాడి మెడ మీద కుదురుగా ఆనేట్టు చేశాకే బండి కదులుతుంది. ముందుబరువు, అంటే ట్రైలర్ ముందు కొస బాల్ మీద వేసే బరువు, అదే. అమెరికాలో దాన్ని టంగ్ వెయిట్ అంటారు, బ్రిటన్‌లో నోస్ వెయిట్ అంటారు.

అమెరికాలో ట్రైలర్ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం ముందు పడాలంటారు. 6000 పౌండ్ల ట్రైలర్‌కి 12 శాతం చొప్పున 720 పౌండ్లు, దాదాపు 327 కిలోలు. యూరప్‌లో 5 నుంచి 7 శాతం. 1500 కిలోల కారవాన్‌కి 6 శాతం చొప్పున 90 కిలోలు. అంతకు మించి వేద్దామన్నా కుదరదు. అక్కడి కార్ల బాల్‌కి పరిమితి సాధారణంగా 75 నుంచి 100 కిలోలే ఉంటుంది.

మరి 6 శాతంతో యూరప్ కారవాన్ ఊగకుండా ఎలా వెళ్తోంది? ఇరుసు దాదాపు మధ్యలో ఉంటుంది. ఫ్రిజ్, వంటగట్టు, నీళ్లు లాంటి బరువైనవి ఇరుసుకి దగ్గరగా సర్దుతారు, రెండు కొసలూ తేలిగ్గా ఉంచుతారు. బాల్ మీద కూర్చునే ట్రైలర్ ముందు కొసని కప్లర్ అంటారు, అందులోనే బాల్‌ని బిగించి పట్టుకునే రాపిడి ప్యాడ్లు ఉంటాయి. పైగా చాలా చోట్ల వేగం 80, 100 కిలోమీటర్లకే పరిమితం. ఈ నాలుగూ కలిసి ఉన్నప్పుడే 6 శాతం చాలుతుంది. అమెరికా ట్రైలర్‌లో ఇరుసులు కాస్త వెనక్కి ఉంటాయి, పొడవెక్కువ, వెనక కొసన బంక్ బెడ్లో వంటగదో పెడతారు, లాగేది 65 మైళ్ల మీద. అక్కడ 6 శాతం ప్రమాదం.

ఇది నాకు పుస్తకం చదివి తెలియలేదు. టెక్సస్‌లో మొదటిసారి అద్దె ట్రైలర్ తీసుకున్నప్పుడు, జర్మనీ అలవాటు కొద్దీ కారు వెనక భాగం కిందకి దిగకూడదని నీళ్ల క్యాన్లు, కుర్చీలు, గ్రిల్ అన్నీ ట్రైలర్ వెనక గదిలో సర్దాను. కారు చక్కగా సమంగా నిలబడింది. చూసి సంతోషించాను కూడా. హైవే ఎక్కి 65 మైళ్లు అందుకున్నాక ఒక పెద్ద ట్రక్కు పక్కనుంచి దాటిపోయింది. అద్దంలో ట్రైలర్ వెనక మూల ఒకసారి ఎడమకి కనిపించింది, మరుక్షణం కుడికి, మళ్లీ ఎడమకి, ప్రతిసారీ ఇంకొంచెం ఎక్కువగా. స్టీరింగ్ నా చేతిలోనే ఉంది గానీ కారు నా మాట వినడం లేదు. వెనక సీట్లో మాటలు ఆగిపోయాయి. యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసి, ట్రైలర్ బ్రేకు మీట చేత్తో నొక్కితే వేగం తగ్గి కుదురుకుంది. రోడ్డు పక్కన ఆపి సామానంతా ఇరుసు ముందుకి మార్చాక, అదే రోడ్డు మీద అదే ట్రైలర్ గీత గీసినట్టు వచ్చింది.

అమెరికాలో వాడే స్ప్రింగ్ బార్ల హిచ్ ఏం చేస్తుంది? యూరప్ కారవాన్‌కి తగిలించవచ్చా?

కారు తోక మీద 300 కిలోలు పడితే వెనక భాగం దిగి ముందు చక్రాలు తేలికవుతాయి. స్టీరింగు, బ్రేకు రెండింటి పట్టూ తగ్గుతుంది. హిచ్ అంటే కారు వెనక ట్రైలర్ తగిలించే అమరిక. ఈ రకాన్ని వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ అంటారు. అందులో ఉండే రెండు ఉక్కు బార్లు ఆ బరువులో కొంత మళ్లీ కారు ముందు ఇరుసు మీదకి, కొంత ట్రైలర్ ఇరుసుల మీదకి నెడతాయి. అమెరికాలో పెద్ద ట్రైలర్ లాగే ఎస్‌యూవీకి ఇది దాదాపు తప్పనిసరి అని నా అభిప్రాయం. కొన్ని కార్ల తయారీదారులు మాత్రం దీన్ని వాడొద్దంటారు. వాళ్ల మాటే వినాలి.

యూరప్ కారవాన్‌కి మాత్రం వద్దు. దాని కప్లర్ ముందుకీ వెనక్కీ జారితేనే బ్రేకు పనిచేస్తుంది. బార్లు బిగిస్తే ఆ జారుడికి అడ్డం. పైగా ఆ సన్నటి చాసిస్ అలాంటి వంపు బలాన్ని తట్టుకునేట్టు చేసింది కాదు.

బ్రేకుల్లో తేడా ఏమిటి?

యూరప్‌ది ఇనర్షియా బ్రేకు. మీరు కారు బ్రేకు తొక్కగానే వెనకనున్న కారవాన్ ముందుకి తోసుకొస్తుంది. ఆ తోపుకి కప్లర్ వెనక కడ్డీ లోపలికి జారి, తీగల్ని లాగి, చక్రాల దగ్గర బ్రేకు పట్టిస్తుంది. వైరూ లేదు, కారులో పెట్టే పరికరమూ లేదు, ఏ కారుకైనా తగిలించుకోవచ్చు. యూరప్‌లో 750 కిలోలు దాటిన ట్రైలర్‌కి బ్రేకు ఉండి తీరాలి.

అమెరికాది ఎలక్ట్రిక్ బ్రేకు. డ్రమ్ము లోపల విద్యుదయస్కాంతం, కారు డ్యాష్‌బోర్డు కింద దాన్ని నడిపే కంట్రోలర్. మీ కారులో కంట్రోలర్ లేకపోతే ట్రైలర్‌కి బ్రేకే లేనట్టు. యూరప్ నుంచి వచ్చినవాళ్లు ఎక్కువగా మరిచిపోయేది దీన్నే, ఎందుకంటే అక్కడ ఎవరికీ అది కొనుక్కునే పనే ఉండదు. డీలరు దగ్గరికి వెళ్లేముందు ఆ మాట ఒక్కటి అడిగి తెలుసుకోండి. దీనివల్ల లాభమూ ఉంది. కారు బ్రేకు ముట్టుకోకుండా ట్రైలర్‌ని మాత్రమే వెనక్కి పట్టి లాగవచ్చు. ఆ రోజు నన్ను కాపాడింది ఆ మీటే.

ట్రైలర్ విడిపోతే? అమెరికాలో నొగ కింద కత్తెరలా అడ్డంగా వేసే రెండు గొలుసులు, ఒక పిన్ను లాగగానే సొంత బ్యాటరీతో బ్రేకు పట్టించే స్విచ్చి ఉంటాయి. యూరప్‌లో సన్నటి ఉక్కు తీగ హ్యాండ్‌బ్రేకుని లాగి తర్వాత తెగిపోతుంది.

ట్రైలర్ ఊగడం మొదలైతే ఏం చేయాలి?

యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీయండి. స్టీరింగ్ నిటారుగా పట్టుకోండి, ఊపుకి ఎదురు తిప్పకండి. ఎలక్ట్రిక్ బ్రేకు ఉంటే కంట్రోలర్ మీట చేత్తో నొక్కండి. వేగం పెంచితే ట్రైలర్ సాఫీగా వస్తుందని ఎవరైనా చెబితే వినకండి. యూరప్ కొత్త కారవాన్లలో చాలావాటికి ఊగుడుని పసిగట్టి బ్రేకు తనంతట తానే పట్టించే ఎలక్ట్రానిక్ పరికరం వస్తోంది. పాతదైనా పెట్టించుకోవచ్చు. పెట్టిన డబ్బు వృథా కాదు.

బాల్ సైజు రెండు చోట్లా ఒకటేనా?

కాదు. యూరప్‌లో 50 మిల్లీమీటర్లు. అమెరికాలో 1 7/8, 2, 2 5/16 అంగుళాలు. 2 అంగుళాలంటే 50.8 మిల్లీమీటర్లు. కంటికి ఒకటే అనిపిస్తాయి గానీ ఒకదాని కప్లర్ ఇంకోదాని బాల్ మీద పెట్టకండి.

ఇంకొక చిన్న సంగతి. అమెరికాలో మామూలు కప్లర్ అయితే బాల్‌కి గ్రీజు రాస్తారు. యూరప్‌లో రాపిడి ప్యాడ్లున్న కప్లర్ అయితే బాల్ మీద గ్రీజు చుక్క కూడా ఉండకూడదు. శుభ్రంగా తుడిచి, చేత్తో తడిమితే పొడిగా తగలాలి. ప్యాడ్లకి జిడ్డు పట్టిందంటే అవి బాల్‌ని పట్టుకోవు, మీరు గమనించేది కూడా హైవే మీదే.

వేగ పరిమితులు ఎలా ఉంటాయి?

జర్మనీలో ఆటోబాన్ అనే పెద్ద హైవే మీద కూడా ట్రైలర్‌తో 80 కిలోమీటర్లే. టెంపో 100 అనుమతి తెచ్చుకుంటే 100 వెళ్లొచ్చు. దానికి లాగే కారుకి ఏబీఎస్ ఉండాలి, ట్రైలర్ టైర్లు ఆరేళ్లలోపువి కావాలి, ట్రైలర్ బరువుకీ కారు ఖాళీ బరువుకీ మధ్య లెక్క కుదరాలి. బ్రిటన్‌లో మోటర్‌వే మీద 60 మైళ్లు, రెండు వైపులా బండ్లు ఎదురెదురుగా వచ్చే రోడ్డు మీద 50. ఫ్రాన్స్‌లో కారు, ట్రైలర్ కలిపి 3.5 టన్నులు దాటకపోతే కారుతో సమానంగా 130 వరకూ అనుమతి ఉంది. అనుమతి ఉందని నేనెప్పుడూ అంత వేగం వెళ్లలేదు.

అమెరికాలో రాష్ట్రానికొక తీరు. కాలిఫోర్నియాలో ట్రైలర్ లాగితే 55 మైళ్లు. టెక్సస్‌లాంటి చోట బోర్డు మీద 75 కనిపిస్తుంది. కానీ బోర్డుకంటే ముందు టైరు చూడండి. ఎస్.టి. అని రాసి ఉన్న ట్రైలర్ టైర్లని, వేరే వేగం ప్రత్యేకంగా ముద్రించి లేకపోతే, 65 మైళ్లకే తయారు చేసినట్టు లెక్క.

లైసెన్సు సంగతేంటి?

జర్మనీలో స్థిరపడినప్పటి నుంచి మన ఇండియా లైసెన్సు ఆరు నెలలే చెల్లుతుంది. ఆ తర్వాత రాత పరీక్ష, డ్రైవింగ్ పరీక్ష రెండూ రాయాలి. అప్పుడొచ్చే బి లైసెన్సుతో 750 కిలోల ట్రైలర్, లేదా కారూ ట్రైలరూ కలిపి 3500 కిలోల వరకూ లాగొచ్చు. బి96 శిక్షణ చేస్తే 4250 కిలోల వరకూ, బిఇ పరీక్ష పాసైతే 3500 కిలోల ట్రైలర్ వరకూ. ఎలాగూ స్కూల్‌కి వెళ్తున్నారు కాబట్టి అదే ఊపులో బిఇ కూడా చేసేయమని మా వాళ్లందరికీ చెబుతుంటాను. బ్రిటన్‌లో 2021 డిసెంబర్ 16 నుంచి కారు లైసెన్సుతోనే 3500 కిలోల ట్రైలర్ లాగొచ్చు. అమెరికాలో చాలా చోట్ల మామూలు లైసెన్సు చాలు. ట్రైలర్ 10,000 పౌండ్లు దాటితే కాలిఫోర్నియా లాంటి రాష్ట్రాల్లో వేరే తరగతి లైసెన్సు కావాలి.

నా ఎస్‌యూవీ 7500 పౌండ్లు లాగుతుందని ప్రకటనలో ఉంది. 7000 పౌండ్ల ట్రైలర్ కొనొచ్చా?

కొనకండి, ముందు డ్రైవర్ తలుపు తెరవండి. తలుపు చట్రం మీద పసుపు రంగు స్టిక్కర్ ఉంటుంది. మనుషులు, సామాను కలిపి ఎంత బరువు మించకూడదో అందులో రాసి ఉంటుంది. 1400 పౌండ్లు అనుకుందాం. నలుగురు మనుషులు 600, హిచ్ 100, కారులో సామాను 150. మిగిలింది 550. ట్రైలర్ ముందుబరువు ఆ 550లోనే ఇమడాలి. 12 శాతం చొప్పున వెనక్కి లెక్కేస్తే సుమారు 4600 పౌండ్ల ట్రైలర్. ప్రకటనలోని 7500 ఎక్కడ, ఈ 4600 ఎక్కడ! అమ్మేవాళ్లు ఈ స్టిక్కర్ ఊసెత్తడం నేను చాలా అరుదుగా విన్నాను. అమ్మానాన్నలు ఇండియా నుంచి వచ్చినప్పుడు ఆరుగురు ఎక్కుతారు కదా, ఆ రోజు లెక్క కూడా వేసి పెట్టుకోండి.

బ్రిటన్‌లో కొత్తవాళ్లకి ఇంకో కొండగుర్తు చెబుతారు: కారవాన్ పూర్తి బరువు కారు ఖాళీ బరువులో 85 శాతం దాటకూడదు. చట్టం కాదు గానీ మంచి మాట. అమెరికాలోనూ దాన్ని మనసులో పెట్టుకుంటే తప్పులేదు.

టాయిలెట్, నీళ్ల ఏర్పాట్లు?

యూరప్‌లో క్యాసెట్ టాయిలెట్. 20 లీటర్లలోపు పెట్టె, బయటి తలుపు తీసి లాగి, చక్రాల సూట్‌కేసులా ఈడ్చుకెళ్లి పారబోయాలి. కుటుంబంతో వెళ్తే రెండు రోజులకోసారైనా తప్పదు. అమెరికాలో ట్రైలర్ అడుగున పెద్ద ట్యాంకు ఉంటుంది, డంప్ స్టేషన్‌లో లావుపాటి గొట్టం తగిలించి వదిలేస్తారు. సుఖం అమెరికాదే. కాకపోతే 40 గాలన్ల నీళ్లంటే 150 కిలోలు. ఆ ట్యాంకు ఇరుసు వెనక ఉంటే నింపినప్పుడల్లా ముందుబరువు తగ్గిపోతుంది. మీ ట్యాంకు ఎక్కడుందో వంగి చూసుకోండి.

మన మిక్సీ, రైస్ కుక్కర్ పనిచేస్తాయా?

ఇండియా నుంచి తెచ్చుకున్న మిక్సీ యూరప్‌లో ప్లగ్ మారిస్తే చాలు, అక్కడా 230 వోల్టులే. అమెరికాలో 120 వోల్టులు, కాబట్టి పనికిరాదు. అయితే యూరప్ క్యాంప్‌సైట్లలో కొన్నిచోట్ల 6 ఆంపియర్లే ఇస్తారు, అంటే సుమారు 1380 వాట్లు. రైస్ కుక్కర్ ఆన్‌లో ఉండగా కెటిల్ పెడితే ట్రిప్ అవుతుంది. మా ఇంట్లో అన్నం వార్చాకే టీ. అమెరికాలో 30 ఆంపియర్ల ప్లగ్‌కి 3600 వాట్లు వస్తాయి. వేసవిలో ఏసీయే దాంట్లో పెద్ద వాటా తినేస్తుంది.

చలికాలంలో ఏది నయం?

యూరప్‌ది. జంట పొరల కిటికీలు, మంచి ఇన్సులేషన్, మంచులో స్కీయింగ్‌కి తీసుకెళ్లే అలవాటు ఉన్నవాళ్లు కట్టిన బండి. అమెరికాలో ఎక్కువ ట్రైలర్లకి ఒకే పొర అద్దం. గోడలు బయటికి జరిగి గది వెడల్పయ్యే స్లైడ్ అవుట్ మాత్రం అమెరికాదే. వర్షంలో ఇరుక్కున్న రోజు దాని విలువ తెలుస్తుంది.

ఒక ఖండం ట్రైలర్‌ని ఇంకో ఖండానికి తీసుకెళ్లొచ్చా?

అమ్మేసి వెళ్లండి. బ్రేకు, కరెంటు, గ్యాస్, లైట్ల వైరింగ్, కప్లర్ అన్నీ మార్చాలి. యూరప్‌లో వెడల్పు 2.55 మీటర్లు దాటకూడదు, అమెరికా ట్రైలర్లు 102 అంగుళాల వరకూ, అంటే 2.59 మీటర్లు ఉంటాయి. వెనక ఇండికేటర్ అమెరికాలో ఎర్రగా ఉన్నా చెల్లుతుంది, యూరప్‌లో నారింజ రంగే ఉండాలి.

ముందుబరువు ఇంట్లోనే తూచుకోవచ్చా?

యూరప్ కారవాన్ అయితే చక్కగా. సమంగా ఉన్న నేల మీద మనుషుల బరువు చూసే మిషన్ పెట్టి, దాని మీద చిన్న చెక్కముక్క, ఆ చెక్క మీద ఒక కర్ర నిలబెట్టి, కప్లర్‌ని కారుకి తగిలించే ఎత్తులోనే ఆ కర్ర మీద ఆనించండి. చక్రాలకి అడ్డం పెట్టడం మర్చిపోకండి. 75 కిలోల పరిమితి ఉన్నచోట 82 చూపిస్తే, ముందు పెట్టెలోని రెండో గ్యాస్ బండ తీసి ఇరుసు దగ్గర పెట్టకండి. గ్యాస్ దాని పెట్టెలోనే ఉండాలి. టెంట్ సంచినో నీళ్ల డబ్బానో జరపండి.

అమెరికా ట్రైలర్ బరువుకి ఆ మిషన్ పగిలిపోతుంది. హైవే పక్కన ట్రక్ స్టాప్‌లో ఉండే కాటాకి వెళ్లండి. మనుషులూ సామానూ అంతా ఎక్కించి, ట్రైలర్ తగిలించి, స్ప్రింగ్ బార్లు వేయకుండా ఒకసారి. ట్రైలర్ పక్కన విప్పి, కారు ఒక్కటే ఇంకోసారి. రెండు చీటీల్లోనూ కారు ఇరుసుల మీది బరువులు కూడి, ఒకదాంట్లోంచి ఇంకోటి తీసేస్తే వచ్చేదే మీ ముందుబరువు. ఆ చీటీలు గ్లవ్‌బాక్స్‌లో దాచుకోండి. సామాను మార్చిన ప్రతిసారీ వాటితో పోల్చి చూసుకోవచ్చు.